అసలూ వడ్డీ: ఒక వంక కింద 500 ఎకరాల బోర్ల లెక్క

పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని నా చేతికి ఒక పాత డైరీ ఇచ్చారు. పాల లెక్కలు, కూలీల లెక్కల మధ్య ఒక పేజీలో బోర్ల లెక్క ఉంది. 1993లో మొదటి బోరు, 180 అడుగులు, నీళ్లు పడ్డాయి. 1999లో రెండోది, 260 అడుగులు, పడ్డాయి. 2002లో రెండు వేశారు, రెండూ పడలేదు. 2006లో ఒకటి, 410 అడుగులు, ఇంచు నీళ్లు. 2009లో వేసింది పడలేదు. 2012లో చివరిది. అది 720 అడుగులు దిగింది, పైకి వచ్చింది తెల్లటి రాతిపొడి మాత్రమే. మొత్తం ఏడు. పేజీ అడుగున ఆయన కొడుకు వేసిన కూడిక 6 లక్షల 40 వేలు. అందులో వడ్డీ లేదు.

"నీళ్లు యాడికి పోతాయి సార్, కిందనే ఉంటాయి, మనం ఇంకా కొంచెం దిగల్ల అంతే అనుకుంటిమి" అన్నారాయన.

ఇది 2012 చివర్లో, ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో జరిగిన మాట. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. అప్పుల సంగతి, పొరుగువాళ్లతో తగాదాల సంగతి నన్ను నమ్మి చెప్పారు. నేను భూగర్భ జలాల మీద పనిచేసే మనిషిని. అప్పటికి చాలా ఊళ్లలో బోర్లకు పాయింట్లు పెట్టాను. "ఇక్కడ వేయండి" అని చెప్పడమే నా పని అనుకున్న రోజులవి. ఆ డైరీ చూశాక మాత్రం నేను పెట్టిన పాయింట్లు ఎన్ని ఇలాంటి పేజీల్లోకి ఎక్కాయో అన్న బాధ పట్టుకుంది. అందుకే ఆ ఊళ్లో పదేళ్లకు పైగా ఉండిపోయాను. అక్కడ ఏం చేశాం, ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నదే ఈ కేస్ స్టడీ.

ముందు కింద ఏముందో చెప్పాలి. అది అర్థం కాకపోతే మిగతా లెక్కంతా గాలిలో ఉంటుంది.

రాయలసీమలో చాలా భాగం, తెలంగాణలో పెద్ద భాగం గ్రానైటు, నైసు రాళ్ల నేల. పైన మట్టి, దాని కింద కుళ్లిన రాయి, అంటే మనవాళ్లు గరుసు అనే పొర. అది ఎక్కువ చోట్ల 20, 30 మీటర్లకు మించదు. దాని కింద గట్టి రాయి. అందులో అక్కడక్కడా చీలికలుంటాయి. నీళ్లు నిజంగా నిలవ ఉండేది గరుసులోనే. గట్టి రాతిలోని చీలికలు పైపుల్లాంటివి, తొట్టి కాదు. 600 అడుగుల్లో నీళ్లు పడ్డాయంటే అక్కడ కొత్త చెరువేదో దొరికిందని కాదు. పైన గరుసులో ఉన్న నీళ్లే ఆ చీలిక గుండా దిగి వస్తున్నాయి. లోతుకు పోయినవాడికి దొరికేది కొత్త నీళ్లు కాదు, పక్కవాడి కంటే ముందు అందుకునే వీలు. ఈ ఒక్క ముక్క రైతుకు చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆ తొట్టి ఎంతది? గరుసు 20 మీటర్ల మందాన పూర్తిగా తడిసి ఉందనుకుందాం. అందులో మనం తోడుకోగలిగేది పరిమాణంలో 2 శాతం దాకా ఉంటుంది. అంటే 40 సెంటీమీటర్ల నీళ్లు. ఎకరాకు సుమారు 16 లక్షల లీటర్లు. నిండుగా ఉన్నప్పుడు అంతే.

ఏటా చేరేది ఎంత? అనంతపురంలో సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇలాంటి రాతి నేలల్లో వానలో 8 నుంచి 11 శాతం కిందికి ఇంకుతుందని ప్రభుత్వ భూగర్భ జలాల లెక్కల్లో వాడతారు. 10 శాతం అనుకుంటే 55 మిల్లీమీటర్లు. ఎకరాకు 2 లక్షల 20 వేల లీటర్లు.

ఇక ఖర్చు. వరికి మడి తయారీతో కలిపి 1,200 మిల్లీమీటర్లు పెడితే ఎకరాకు 48 లక్షల 50 వేల లీటర్లు. మడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ కిందికి దిగుతుంది. నీటిమట్టం 25 మీటర్ల కంటే లోతుకు పోయిన చోట దాన్ని 20 శాతంగా లెక్క కడతారు. అది తీసేసినా దాదాపు 39 లక్షలు. అంటే ఒక ఎకరం వరి మడి పదిహేడు, పద్దెనిమిది ఎకరాల మీద కురిసిన వాన ఇంకిన నీటిని ఒక్క కారులో తాగేస్తుంది.

నేను ఊళ్లో ఈ లెక్కను లీటర్లలో చెప్పినప్పుడు ఎవరికీ పట్టలేదు. ఒక రోజు పాల డెయిరీ దగ్గర ఎవరో అప్పు సంగతి మాట్లాడుతుంటే నాకు మాట దొరికింది. గరుసులో ఉన్నది అసలు. ఏటా వానతో చేరేది వడ్డీ. వడ్డీ తిని బతికితే అసలు అలాగే ఉంటుంది. మనం ఇరవై ఏళ్లుగా అసలు తింటున్నాం. ఆ మాట చెప్పాక వెనక బెంచీలో ఉన్న ఒకామె లేచి, "మరి అసలెంత మిగిలిందో చూడండి సార్" అంది. ఆ ప్రశ్నతోనే అసలు పని మొదలైంది.

భూగర్భ జలాన్ని అందరూ తరగని వనరుల్లో వేస్తారు. ఏటా వాన పడుతుంది కదా అంటారు. కానీ వడ్డీ కంటే రెండింతలు తోడే చోట అది బొగ్గు గని లాంటిదే. సింగరేణి బొగ్గుకు, మా వంక (చిన్న వాగు) కింది నీటికి ఆర్థికంగా పెద్ద తేడా లేదు. ఉన్న తేడా ఒక్కటే. గనికి యజమాని ఉంటాడు, నిల్వ ఎంతో తెలుసుకుని తవ్వుతాడు. మా నీటికి 62 కుటుంబాలు యజమానులు, నిల్వ ఎంతో ఒక్కరికీ తెలియదు.

చట్టం కూడా ఈ పరిస్థితికి కారణమే. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం తన భూమి కింద ఉన్న నీటిని, అది గుర్తించదగిన కాలువలా పారనంత వరకు, తోడుకునే హక్కు ఆ భూమి యజమానికే ఉంది. కపిల తోలి నీళ్లు చేదుకునే కాలంలో అది ఎవరికీ అన్యాయం చేయలేదు. జత ఎద్దులు రోజంతా తోడినా వంకలో పైవాడి బావికి నష్టం లేదు. ఆ తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి, తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి రిగ్గు లారీలు వచ్చాయి. హక్కు మాత్రం అలాగే ఉండిపోయింది.

మా వంక పరివాహకం 500 ఎకరాలు. ఊరి కుర్రాళ్లతో కలిసి ప్రతి బోరునూ నడిచి లెక్కపెట్టాం. వేసినవి 96, నీళ్లు వస్తున్నవి 31. మూతలేని బోర్లకు రాళ్లు పెట్టి, పిల్లలు పడకుండా చూసుకోవడం కూడా అప్పుడే చేశాం.

నీళ్లున్న ప్రతి బోరు దగ్గర 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, సెల్‌ఫోన్‌లో టైము చూశాం. ఉన్నవాటిలో మంచి బోరు డ్రమ్మును 100 సెకన్లలో నింపింది. సెకనుకు 2 లీటర్లు. రోజుకు 7 గంటల కరెంటు, 100 రోజులు తోడితే 50 లక్షల లీటర్లు. అంటే ఒక మంచి బోరు పంటకాలమంతా ఆడితే ఒక ఎకరం వరి. ఇది చూసి రైతులు నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు. తమ బోరు రోజుకు ఎన్ని లీటర్లు పోస్తుందో అప్పటిదాకా ఎవరూ కొలవలేదు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో, అంటే అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండల్లో, రైతులే భూగర్భ జలాన్ని కొలుచుకునే కార్యక్రమం ఒకటి నడిచింది. వాన కొలిచే రెయిన్ గేజ్, మట్టం కొలిచే టేపు, డ్రమ్ము, రబీకి ముందు పంట నీటి బడ్జెట్. బలవంతం ఏమీ లేదు. లెక్క ముందు పెట్టి, నిర్ణయం రైతుకే వదిలేశారు. ఆ పాఠాన్నే మేము మా వంకకు తెచ్చుకున్నాం. కానీ లెక్క ఒక్కటే సరిపోదని మాకు తర్వాత తెలిసింది.

2012–13 నీటి బడ్జెట్ ఇలా వచ్చింది. 500 ఎకరాల మీద సగటు వానకు చేరేది 11 కోట్ల లీటర్లు. వరి 18 ఎకరాలు, మళ్లీ కిందికి దిగేది తీసేస్తే 7 కోట్లు. రబీ బుడ్డలు (వేరుశనగ) 40 ఎకరాలు, 500 మిల్లీమీటర్ల చొప్పున 8 కోట్లు. చీనీ (బత్తాయి) తోటలు 25 ఎకరాలు, ఏడాదికి 900 మిల్లీమీటర్ల చొప్పున 9 కోట్లు. మొత్తం 24 కోట్లు. రాబడి 11, ఖర్చు 24. లోటు 13 కోట్లు. ఆ లోటును 500 ఎకరాల గరుసు మీద పరిస్తే నీటిమట్టం ఏడాదికి 3 మీటర్లకు పైగా, అంటే పది అడుగులు, దిగుతుంది. తొట్టి నిండుగా ఉన్నా ఆరేళ్లకు అయిపోతుంది. పెద్దాయన డైరీలో రెండు బోర్ల మధ్య దూరాలు చూడండి: ఆరేళ్లు, మూడేళ్లు, నాలుగేళ్లు, మూడేళ్లు, మళ్లీ మూడేళ్లు. ఆ పేజీయే నీటిమట్టం రికార్డు.

ఇక్కడ నన్ను చాలామంది చదువుకున్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంత స్పష్టంగా లెక్క ఉంటే రైతు ఎందుకు ఆగడు? మూర్ఖత్వమా?" కాదు. ఒక్కో రైతు వైపు నుంచి చూస్తే అతను చేసింది సరైన లెక్కే.

1931లో హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికన్ తరిగిపోయే వనరుల మీద ఒక వ్యాసం రాశాడు. దాని సారం ఇది. గనిలో ఉన్న సరుకును ఈ ఏడు తీయాలా, వచ్చే ఏటికి ఉంచాలా అన్నది వడ్డీ రేటు నిర్ణయిస్తుంది. ఉంచిన సరుకు విలువ, తీసే ఖర్చు పోను, వడ్డీ రేటంత వేగంగా పెరుగుతుందనుకుంటేనే యజమాని ఉంచుతాడు. లేకపోతే తీసి అమ్మేసి, ఆ డబ్బును వడ్డీకి తిప్పుతాడు. దీన్ని మా పల్లెకు తెద్దాం. పెద్దాయన బోర్లకు అప్పు తెచ్చింది నూటికి రెండు రూపాయల వడ్డీకి. ఏడాదికి 24 శాతం. ఈ ఏడు 100 రూపాయల ఆదాయమిచ్చే నీళ్లు వచ్చే ఏడు 124 రూపాయలు ఇస్తేనే భూమిలో ఉంచడం లాభం. ఏ పంట ధర ఏడాదికి 24 శాతం పెరుగుతుంది? కాబట్టి ఆ వడ్డీ కడుతున్నవాడు ఈ ఏడే తోడేస్తాడు. నీళ్లు తరగడానికి ఆశ కంటే ఎక్కువ కారణం ఆ రెండు రూపాయల వడ్డీ. ఈ సంగతి నీళ్ల మీటింగుల్లో దాదాపు ఎవరూ మాట్లాడరు. బ్యాంకు నుంచి సకాలంలో పంట రుణం అందడం నీటి పొదుపు పథకమే అని నా నమ్మకం.

అయితే హోటెలింగ్ చెప్పిన యజమాని కనీసం ఉంచుకున్న సరుకు తనకే దక్కుతుందన్న నమ్మకంతో ఉంటాడు. మా వంకలో అదీ లేదు. పెద్దాయన ఉంచిన నీళ్లను పక్క చేను ఆయన 600 అడుగుల బోరుతో తోడుకుంటాడు. గారెట్ హార్డిన్ అనే అమెరికన్ పర్యావరణవేత్త 1968లో ఉమ్మడి మేతభూమి గురించి చెప్పింది ఇదే. "నేను నిలిపితే నా మడి ఎండుతాది, ఆయప్ప మడి పండుతాది" అని పెద్దాయన ఒక్క వాక్యంలో చెప్పేశారు.

ఒక వాదనకు ఇక్కడ జవాబు చెప్పాలి. 1980లో గిస్సర్, సాంచెజ్ అనే ఇద్దరు న్యూ మెక్సికోలోని పెకోస్ లోయ భూగర్భ జలాన్ని పరిశీలించి, నియంత్రణ వల్ల కలిగే లాభం చాలా తక్కువ, ఎవరికి తోచినట్టు వాళ్లు తోడుకున్నా పెద్ద నష్టం లేదు అని తేల్చారు. ఆ ఫలితాన్ని చూపించి మన దగ్గర కూడా నియంత్రణ అనవసరం అనేవాళ్లున్నారు. కానీ వాళ్ల లెక్క నిల్వ చాలా పెద్దగా ఉన్న చోటికి. అక్కడ ఒకరు తోడితే మట్టం అంగుళమో రెండంగుళాలో దిగుతుంది. మన గరుసు ఆరేళ్లలో ఖాళీ అయ్యే చిన్న తొట్టి. ఒకరి బోరు పక్కవారి బోరును అదే ఎండాకాలంలో ఆపేస్తుంది. పెద్ద సముద్రానికి చేసిన లెక్కను నీళ్ల తొట్టికి వాడకూడదు.

కరెంటు సంగతి కూడా సూటిగా చెప్పాలి. 2004 మే నెలలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం చేశారు. బిల్లులు కట్టలేక, కనెక్షన్లు పీకేస్తుంటే అవమానపడిన కుటుంబాలు ఆ రోజు ఊపిరి పీల్చుకున్నాయి. నేను కళ్లారా చూశాను, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ తోడే ప్రతి లీటరుకు రైతుకు అయ్యే ఖర్చు అప్పటి నుంచి సున్నా. ఖర్చంతా బోరు వేయడంలోనే. బోరు ఖర్చు లక్షల్లో, లీటరు ఖర్చు సున్నా అయితే, వేసిన బోరును వీలైనంత ఆడించి అప్పు తీర్చుకోవడమే ఎవరైనా చేసే పని.

అసలు ఖర్చు ఎంతో చూద్దాం. మోటారు సామర్థ్యం 40 శాతం అనుకుంటే 60 మీటర్ల మట్టం నుంచి ఒక ఎకరం వరికి నీళ్లు ఎత్తడానికి దాదాపు 2,000 యూనిట్లు. మట్టం 180 మీటర్లకు దిగితే 5,950 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసుకుంటే 35 వేలు దాటుతుంది. ఎకరాకు 22 క్వింటాళ్లు పండినా, 2024–25 మద్దతు ధర 2,300 చొప్పున వచ్చేది 50,600. అంటే అంత లోతు నుంచి తోడి పండించిన వడ్లలో మూడింట రెండు వంతులకు పైగా విలువ కరెంటుకే పోతుంది. ఆ డబ్బు రైతు జేబులోంచి పోవడం లేదు కాబట్టి ఎవరికీ కనబడదు.

2013 ఉగాదికి ముందు నెలన్నర పాటు వారానికి రెండు మీటింగులు పెట్టాం. మొదటి నాలుగు మీటింగులు తగాదాలతోనే ముగిశాయి. బోర్లున్న 31 మంది ఒక వైపు, బోర్లు ఎండిన, అసలు వేయలేని మిగతా కుటుంబాలు మరో వైపు. వీళ్లలో ఎక్కువమందికి వానాకాలం బుడ్డలే ఆధారం.

మాటను మలుపు తిప్పింది మళ్లీ ఒక లెక్కే. బుడ్డలకు ఊడలు దిగే దశలో, కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే పంట మొత్తం పోతుంది. ఆ రెండు సమయాల్లో 50 మిల్లీమీటర్ల చొప్పున రెండు తడులిస్తే పంట చేతికొస్తుంది. ఎకరాకు రెండు తడులకు 4 లక్షల లీటర్లు. ఒక ఎకరం వరి తాగే 48 లక్షలతో 12 ఎకరాల బుడ్డలు బతుకుతాయి. ఇలా చెప్పగానే అంతవరకు మాట్లాడని పెద్దాయన, "మా బోరు రెండు తడులిస్తాది. నాకేమిస్తారు?" అని అడిగారు. అదే ఒప్పందం అయింది.

బోర్లున్నవాళ్లు వానాకాలంలో బోర్లు లేనివాళ్ల చేలకు రెండు తడులివ్వాలి. దానికి బదులు బోర్లు లేనివాళ్లు పదేళ్లపాటు ఆ 500 ఎకరాల్లో కొత్త బోరు వేయకూడదు. వేయకపోతే బోర్లున్నవాళ్లకు లాభమేమిటి? తమ బోరు పక్కవాడి కొత్త బోరు వల్ల ఎండదన్న భరోసా. పెద్దాయన డైరీ ప్రకారం ఆ భరోసా విలువ 6 లక్షల 40 వేలు. బోర్లన్నిటినీ కలుపుతూ భూమిలో పైపులైను, చేలకు అవుట్‌లెట్లు వేశాం. పైపుల ఖర్చులో ఎక్కువ భాగం మా ప్రాజెక్టు పెట్టింది, తవ్వకం కూలి ఊరు పెట్టుకుంది. వరి 18 ఎకరాల నుంచి 3కి తగ్గింది. ఆ మూడూ ఇంటి తిండి గింజల కోసమే.

ఎలినార్ ఆస్ట్రోమ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నప్పుడు ఆమె పేరు మన పత్రికల్లోనూ వచ్చింది. ఆమె తన డాక్టరేట్ పరిశోధన చేసింది లాస్ ఏంజిలెస్ పక్కనున్న వెస్ట్ బేసిన్ భూగర్భ జలం మీదే. తోడుకునేవాళ్లే కూర్చుని, ఎవరి వాటా ఎంతో తేల్చుకుని, నిఘా పెట్టుకున్న తీరును ఆమె రికార్డు చేశారు. మా ఊరివాళ్లు ఆమె పేరు వినలేదు. కానీ రచ్చకట్ట మీద రాసుకున్న కాగితంలో ఎవరిది ఏ హద్దు, ఎవరు కొలవాలి, మాట తప్పితే ఏం చేయాలి అన్నీ ఉన్నాయి. మొదటిసారి తప్పితే హెచ్చరిక, రెండోసారి ఆ బోరుకు అవుట్‌లెట్ కట్. హెచ్చరిక నాలుగుసార్లు ఇచ్చారు. కట్ చేయాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది.

2014లో వానలు సరిగా లేవు. 2018 ఇంకా ఘోరం. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లలో చీనీ తోటలు నరికి కట్టెలకు అమ్మారు. ట్యాంకర్లతో నీళ్లు పోసి చెట్లను బతికించుకున్నవాళ్లూ ఉన్నారు. మా వంక కింద తోటల్లో నాలుగు ఎకరాలు పోయింది, మిగతాది నిలబడింది. బుడ్డలు కూడా చాలా చేలల్లో రెండు తడులతో బయటపడ్డాయి. ఆ ఆరేళ్లలో ఒప్పందం ఉన్న హద్దులో కొత్త బోరు పడలేదు. నా పనిలో నేను ఎక్కువ తృప్తి పడింది ఆ సంగతికే.

హద్దు బయట మాత్రం పడింది. హద్దుకు ముప్పై అడుగుల అవతల, రాత్రిపూట రిగ్గు తెప్పించి ఒకాయన 650 అడుగుల బోరు వేశాడు. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా వేయడం కుదరదు, ఇది సరిగ్గా ఆ లోపలే ఉంది. ఫిర్యాదు రాశాం. కాగితం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు వెళ్లింది. మోటారు మాత్రం ఆడుతూనే ఉంది. మా ఊరివాళ్లు చివరికి అతన్నే ఒప్పందంలోకి పిలిచారు. పైపులైను అతని చేను దాకా పొడిగించి, అతని బోరును కలిపేసుకున్నారు. తప్పు చేసినవాడికి బహుమానమా అని నేను కోప్పడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లే సరి. గరుసుకు మేము గీసిన హద్దు తెలియదు.

నేను పొరపడిన చోటు ఇంకొకటి ఉంది, డ్రిప్. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం రాయితీతో చీనీ తోటలకు, కూరగాయలకు డ్రిప్ వేయించడానికి చాలా తిరిగాను. ఎకరాకు నీళ్లు తగ్గాయి, నిజమే. కానీ ఆదా అయిన నీళ్లు భూమిలో మిగల్లేదు. ఇరవై ఐదు ఎకరాల తోట మూడేళ్లలో ముప్పై నాలుగైంది. విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే ఇంగ్లండు బొగ్గు గురించి ఈ మాట చెప్పాడు. ఇంజను పొదుపుగా మారితే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుంది అని. రైతును తప్పుపట్టను. తక్కువ నీటితో ఎక్కువ తోట పెట్టమని చెప్పింది నేనే. ఎకరాల మీద కట్టుబాటు లేకుండా డ్రిప్ ఇస్తే ఆదాయం పెరుగుతుంది, నీళ్లు మిగలవు. రెండూ జరుగుతాయని చెప్పి నేను మోసపోయాను, వాళ్లనూ మోసపుచ్చాను.

2020 నుంచి మూడేళ్లు వానలు బాగా పడ్డాయి. 2021 నవంబరులో రాయలసీమ మునిగింది. ఆ వరదల్లోనే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. మా వంక నెలల తరబడి పారింది. ఇరవై ఏళ్లుగా ఎండిన బావుల్లో చేత్తో ముంచుకునే ఎత్తుకు నీళ్లొచ్చాయి. పిల్లలు ఈతలు కొట్టారు. గోడ మీద మట్టం రాసే బోర్డులో మొదటిసారి 3 మీటర్లు అని రాశాం. ఎంత సంతోషం!

సరిగ్గా ఆ సంతోషంలోనే పదేళ్ల గడువు ముగిసింది. 2023 ఉగాదికి ఒప్పందం తిరిగి రాసుకోవాలి. ఎవరూ రాలేదు. నీళ్లు పైకొచ్చాక ఇంకెందుకు కట్టుబాటు అన్నారు. నేనూ గట్టిగా పట్టుపట్టలేదు.  ఆ ఖరీఫ్‌లో ఆగస్టు ఎండింది. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. అయినా ఆ రబీలో వరి 14 ఎకరాలు పడింది. 2024 ఎండాకాలానికి మూడు బోర్లు ఆగాయి. ఐదు కుటుంబాలు కొత్త బోర్లు వేశాయి, రెండు పడ్డాయి. పదేళ్ల శ్రమ ఏడాదిలో కరిగిపోతుంటే చూడటం చాలా కష్టమైంది.

ఈ సందర్భంలో హార్ట్‌విక్ అనే ఆర్థికవేత్త 1977లో చెప్పిన మాట నాకు బాగా గుర్తొచ్చింది. తరిగే వనరు నుంచి వచ్చిన మిగులును మళ్లీ ఏదో ఒక పెట్టుబడిగా మారిస్తే, వనరు పోయినా తర్వాతి తరం బతుకు తగ్గదు అని. నార్వే తన చమురు డబ్బును నిధిగా దాచుకున్నది ఇదే ఆలోచనతో. మా వంక కింద 1993 నుంచి తోడిన అసలు దేనిగా మారింది? ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఇద్దరి పిల్లల ఇంజినీరింగు చదువు, ఒక పాల షెడ్డు, కొన్ని చీనీ చెట్లు. మిగిలినదంతా ఎండిన బోర్లలోకి, కేసింగ్ పైపుల్లోకి, వడ్డీలోకి పోయింది. 65 ఎండిన బోర్లు. నీళ్లు తరగడం ఒక నష్టమైతే, వాటి బదులు ఏమీ మిగలకపోవడం అంతకంటే పెద్ద నష్టం. ప్రభుత్వాలకు నీటి పథకం రాసేవాళ్లు ఈ లెక్క కూడా అడగాలి. బోరు మీద పెట్టే లక్షను ఆవు మీద, పిల్ల చదువు మీద పెట్టగలిగే దారి రైతుకు ఉందా అన్నది నీటి ప్రశ్నే.

2024 జూన్‌లో మళ్లీ కూర్చున్నాం. ఈసారి నేను చెప్పింది తక్కువ. పాత ఒప్పందంలో లోపం ఏమిటో ఊరివాళ్లే పట్టుకున్నారు. దాన్ని క్యాలెండర్‌కు కట్టాం, నీటిమట్టానికి కట్టలేదు. నీళ్లు నిండినప్పుడు పనికిరానిదిగా, ఎండినప్పుడు ఆలస్యమైనదిగా అనిపించింది. కొత్త కాగితంలో గడువు లేదు. ప్రతి అక్టోబరు చివర ఐదు బోర్లలో మట్టం కొలుస్తారు. సగటు 8 మీటర్ల లోపు ఉంటే ఆ రబీకి వరి 10 ఎకరాల దాకా, ఇంటింటికీ వంతుల వారీగా. 8 నుంచి 15 మధ్య ఉంటే 3 ఎకరాలు. 15 దాటితే వరి లేదు, తోటలకు, బుడ్డల తడులకు మాత్రమే. కొత్త తోట పెట్టాలంటే పాత తోట అన్ని ఎకరాలు తీయాలి. కొలిచేది ఊరి మహిళా సంఘంలోని ఇద్దరు. మొదటి మీటింగులో "అసలెంత మిగిలిందో చూడండి" అన్న ఆమె వాళ్లలో ఒకరు.

రెండు ఇళ్లవాళ్లు ఇంకా సంతకం పెట్టలేదు. తోట ఎకరాల మీద కట్టుబాటు వాళ్లకు ఇష్టం లేదు, అందులో ఒకరికి మొక్కలు అప్పటికే నర్సరీలో అడ్వాన్సు ఇచ్చి ఉన్నాయి. ఆయనకు ఆ అడ్వాన్సు ఊరు తిరిగి ఇవ్వాలా, ఈ ఒక్కసారికి వదిలేయాలా అన్న దాని మీద మాటలు నడుస్తున్నాయి. పెద్దాయన మొదట సంతకం పెట్టారు. డైరీలో బోర్ల పేజీ ఎదురుగా ఖాళీగా ఉన్న పేజీలో ఇప్పుడు ఆయన మనవరాలు నెలనెలా మట్టం రాస్తోంది. అక్టోబరు 2024 ఎదురుగా 11.4 మీటర్లు అని ఉంది. ఆ రబీకి వరి మూడెకరాలు వేశారు.